మావయ్యగారు బతికే ఉన్నారు

ఆ శనివారం పొద్దున్నే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు గట్టిగా నిశ్చయించుకున్నాడు. కాఫీ చల్లారేలోపు మావగారి మీద ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో వ్యాసం రాసెయ్యాలి. జీతం భత్యం లేకుండా మూడేళ్లుగా అందులో రాస్తున్నవాడికి అదో లెక్కా? మావగారు గడియారాల మెకానిక్. ఆగిపోయిన ఊరి గడియారస్తంభాన్ని బాగుచెయ్యాలని ఆయన తిరగని ఆఫీసు లేదు. ఆ పని ఎవరికిచ్చేదీ సోమవారం తేల్చేస్తారు. ఈయన గొప్పతనం అధికారికి తెలియవద్దూ మరి!

సాఫ్ట్‌వేర్ వాళ్లు ఏదీ మొదటినుంచి రాయరు కదా. ఇతనూ ఒక దివంగత శిల్పి వ్యాసాన్ని కాపీ చేసి, పేరూ ఊరూ పనీ మార్చాడు. మరణించిన తేదీ తీసెయ్యడం మరిచాడు. పేజీ నింపుకోవడానికి తంటాలు పడుతున్న స్థానిక విలేకరి కంట అది పడింది. ఆదివారం పత్రికలో "ఏడాది కిందటే పోయిన మెకానిక్‌ను ఊరు పట్టించుకోలేదు" అంటూ ఊరందరికీ చీవాట్లు పెట్టాడు.

పరామర్శకు వచ్చిన పక్కూరి బంధువుకు తలుపు తీసింది మావగారే. పాపం, ఆ పెద్దమనిషి మెట్లమీదే కూలబడ్డాడు.

"మా నాన్నను చంపేసి హాయిగా టిఫిన్ తింటున్నారా?" భార్య ప్లేటు లాగేసుకుంది.

"ఒక్క నిమిషం! తేదీ తీసేస్తే సరి."

తీసేశాడు. రెండు నిమిషాల్లో తేదీ తిరిగొచ్చింది. ఎక్కడో కూర్చున్న మరో రచయిత పత్రిక లింకు జోడించి మరీ అడిగాడు: "పోయినట్టు ఆధారం ఉంది. బతికున్నట్టు మీ దగ్గరేముంది?"

"ఆయన నా ఎదురుగా కాఫీ తాగుతున్నారు" అని రాశాడు ఇంజనీరు.

"ఎక్కడా అచ్చుకాలేదుగా, అది సొంత పరిశోధన. చెల్లదు."

"మా మావగారండీ బాబూ!"

"సొంతవాళ్ల గురించి రాయకూడదని తెలీదా?" అని అతను ఫిర్యాదు చేస్తే, ఇంజనీరు ఖాతాను వారం రోజులు ఆపేశారు.

సోమవారం మామా అల్లుళ్లు ఆఫీసుకి వెళితే, అధికారి ఫోన్లో వ్యాసం చూశాడు. "పోయినవాళ్లకి పనెలా ఇస్తామండీ?"

"ఎదురుగానే ఉన్నారు కదండీ!"

"నాకూ కనబడుతున్నారు. ఫైల్లో ఏమని రాయను?"

తప్పు దిద్ది వెయ్యమని విలేకరి దగ్గరికి పరుగెత్తారు. "మనిషి బతికుంటే వార్తేముందండీ? ఆయన ఏదైనా చేస్తే చెప్పండి" అన్నాడతను.

ఇంజనీరుకు ఒళ్లు మండింది. "మావయ్యగారూ, పనిముట్ల సంచి తెచ్చుకోండి."

"అనుమతి లేదు కదా బాబూ?"

"పోయినవాళ్లని ఆపేదెవరండీ!"

స్తంభం దగ్గర కాపలాదారు ఆదివారం పత్రిక చదివిన మనిషే. మావగారిని చూడగానే తాళాలగుత్తి అక్కడే పడేసి పరుగో పరుగు. మామా అల్లుళ్లిద్దరూ పైకెక్కారు. తుప్పు గీకారు, పళ్లచక్రాలకు నూనె పట్టించారు. "సరిగ్గా పట్టుకో బాబూ, అది నీ మౌసు కాదు" అని మావగారు కసురుతూనే ఉన్నారు. సాయంత్రం గడియారం ఠంచనుగా అయిదు కొట్టింది. వీధులన్నీ తలెత్తి చూశాయి. మావగారి కళ్లు చెమర్చాయి.

తెల్లారి పత్రిక తన తప్పు ఒప్పుకుంటే కదా! "దివంగత మెకానిక్ చేతుల్లో గడియారానికి ప్రాణం" అని వేసింది. విజ్ఞాన సర్వస్వంలో కొత్త వాక్యం చేరింది: "మరణానంతరం ఈయన పనితనం అమోఘం." కింద ఆధారం కూడా ఇచ్చారు.

వారం గడిచీ గడవగానే ఇంజనీరు దాన్ని తీసెయ్యబోయాడు. మావగారు చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనివ్వు బాబూ. బతికున్నన్నాళ్లూ ఒక్కడూ అంత మాటనలేదు."