ఎవరికీ చెప్పకూడని ఆరంకెలు

నారాయణఖేడ్‌లో ఆన్‌లైన్ సేవలు బాగున్న బ్యాంకు ఏదన్న విషయం ఆగస్టు మొదటి ఆదివారం ఉదయం పదకొండున్నరకు తేలిపోయింది. బస్ డిపో వెనక ఫంక్షన్ హాలులో జరిగిన సమావేశంలో చేతులెత్తే పద్ధతిన ఎంపిక జరిగింది. హాలులో సిగ్నల్ లేనందున ఆన్‌లైన్ ఓటింగ్ పెట్టలేదని నిర్వాహకులు తెలిపారు.

సమావేశాన్ని ఏర్పాటు చేసింది పట్టణ వినియోగదారుల సంఘం. దాని అధ్యక్షుడు సంగప్పకు ఎరువుల దుకాణం ఉంది, ఆన్‌లైన్ బ్యాంకింగ్ లేదు. లేదు కాబట్టి ఏ బ్యాంకు మీదా పక్షపాతం ఉండదని సంఘం ఆయన్నే న్యాయనిర్ణేతగా నియమించింది.

పోటీలో మూడు బ్యాంకులు నిలిచాయి. వాటికి అసలు పేర్లు ఉన్నాయి గానీ పట్టణంలో వాటిని వాడేవాళ్లు లేరు. డిపో బ్యాంకు, అద్దాల బ్యాంకు, మెట్ల బ్యాంకు అంటారు.

డిపో బ్యాంకు యాప్ పదకొండు భాషల్లో ఉంది. తెలుగు నొక్కితే "ఈ పేజీ త్వరలో వస్తుంది" అని తెలుగులోనే వస్తుంది. ఆ యాప్ కావాలన్నవాళ్లు దరఖాస్తును ఆన్‌లైన్‌లో తీసుకుని, కాగితం మీద అచ్చు వేయించి, స్వయంగా వచ్చి ఇవ్వాలి. ఇవ్వడానికి పొద్దున ఏడింటి నుంచి జనం చెప్పులు వరసలో పెట్టి పోతారు. యూరియా బస్తాల వరసల్లో నేర్చుకున్న పద్ధతి ఇక్కడ కూడా అక్కరకు వచ్చింది. సమావేశానికి ముందు రోజు "ఇంటి నుంచే బ్యాంకింగ్" అన్న బోర్డు కింద అరవై రెండు జతలు ఉన్నాయి.

అద్దాల బ్యాంకులో తాకితే పనిచేసే యంత్రం ఉంది. దాన్ని తాకరాదని కాగితం అంటించారు.

మెట్ల బ్యాంకు మొదటి అంతస్తులో ఉంది. ఇరవై రెండు మెట్లు. పద్నాలుగో మెట్టు మీద నిలబడితే సిగ్నల్ నిండుగా వస్తుంది. పట్టణంలో ఇంకెక్కడా అట్లా రాదు. నూట పదకొండు చేతులు మెట్ల బ్యాంకుకు లేచాయి. "సాంకేతిక విప్లవంలో నారాయణఖేడ్ పద్నాలుగో మెట్టు ఎక్కింది" అని సంగప్ప ప్రకటించారు.

ఈ ఫలితం కోసం చివరి వరసలో ఒకామె నోటుపుస్తకం పట్టుకుని కూర్చుంది. పేరు చంద్రమ్మ. సిర్గాపూర్ మండలంలో ఒక ఊరు, రెండెకరాల కంది చేను. ఆమె బిడ్డ చందనకు సంగారెడ్డిలో నర్సింగ్ సీటు వచ్చింది. ఫీజు పద్దెనిమిది వేలు. ఆ డబ్బు కందులు అమ్మగా వచ్చి డిపో బ్యాంకు ఖాతాలో ఉంది. కళాశాల నగదు తీసుకోదు. చెక్కు తీసుకోదు. అభ్యర్థి ఖాతా నుంచి గానీ తల్లిదండ్రుల ఖాతా నుంచి గానీ ఆన్‌లైన్‌లో మాత్రమే చెల్లించాలి. గడువు ఆ వచ్చే శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. తండ్రి లేడు. అభ్యర్థికి ఖాతా లేదు. కనుక మంచి బ్యాంకును ఎంచుకోమని చందన తల్లికి చెప్పింది. తల్లి ఎంచుకుంది.

సోమవారం ఆమె మెట్లెక్కి కొత్త ఖాతా తెరిచింది. డిపో బ్యాంకు డబ్బు చెక్కు ద్వారా కొత్త ఖాతాలోకి గురువారం సాయంత్రానికి చేరుతుందన్నారు. చేరింది కూడా.

ఇక్కడ ప్రేమదాసు గురించి చెప్పాలి. మెట్ల బ్యాంకు కింద ఆయనకు జిరాక్స్ దుకాణం ఉంది. చాలా ఏళ్ల కింద ఖాతాలు తెరిపించే శిబిరాలు, ఆధార్ కార్డులు ఇచ్చే శిబిరాలు ఊరూరా జరిగినప్పుడు దరఖాస్తులన్నీ ఆయనే రాశాడు. దరఖాస్తుకు పది రూపాయలు. అందులో మొబైల్ నంబరు అని ఒక గడి ఉండేది. ఏ గడినీ ఖాళీగా వదలకూడదని పైనుంచి ఉత్తర్వు. అప్పట్లో ఊళ్లలో ఫోన్లు లేవు. ప్రేమదాసుకు ఉంది. ఆయన ఉత్తర్వును పాటించాడు. ఆ విధంగా సిర్గాపూర్ నుంచి నాగల్‌గిద్ద వరకు పదకొండు వందల నలభై ఆరు మంది ఆధార్‌కు ఆయన ఫోన్ నంబరే ఉంది. కొత్త ఖాతాకు కూడా ఆధార్‌లోని నంబరే ఇవ్వాలి. నంబరు మార్చుకోవచ్చు. పని పూర్తి కావడానికి పదిహేను రోజులు పడుతుంది.

ఎవరైనా ఆన్‌లైన్‌లో డబ్బు పంపబోతే ఆరంకెల ఓటీపీ వస్తుంది. పదకొండు వందల నలభై ఆరు మంది ఓటీపీలూ ప్రేమదాసుకు వస్తాయి. వాటిని ఆయన పాత సామాన్ల బండివాడి దగ్గర కొన్న మైకులో చదివేవాడు. పనివేళలు పది నుంచి ఐదు. ఒంటి గంట నుంచి రెండు వరకు భోజనం. రెండో శనివారం సెలవు. మైకు చప్పుడు డిపో దాకా వినిపిస్తుంది కాబట్టి అప్పుడప్పుడు బస్సుల ప్రకటనలతో కలిసిపోయేది. నాగల్‌గిద్ద రైతు ఒకాయన ఓటీపీ అనుకుని బీదర్ బస్సు నంబరు కొట్టాడు. డబ్బు పోలేదు. బస్సు దొరికింది.

ఇన్నేళ్లలో ఎవరి ఖాతాలోనూ రూపాయి తేడా రాలేదు. ప్రేమదాసు దీనికి టీ తప్ప ఏమీ తీసుకోలేదు. అంటే నారాయణఖేడ్‌లో ఆన్‌లైన్ బ్యాంకింగ్ నడుస్తోంది. మెరుగుపరచడం ఒక్కటే మిగిలింది.

మెరుగుపరిచే పనిని గురువారం ఉదయం మెట్ల బ్యాంకు చేపట్టింది. తమను ఎంపిక చేసిన పట్టణానికి కృతజ్ఞతగా అదే ఫంక్షన్ హాలులో సైబర్ భద్రతా సదస్సు పెట్టింది. మేనేజర్ శివరాజ్ నలభై నిమిషాలు మాట్లాడారు.

"ఓటీపీ అంటే మీ ఇంటి తాళంచెవి. దాన్ని ఎవరికీ చెప్పకండి. భార్యకు చెప్పకండి. భర్తకు చెప్పకండి. కన్నతల్లి అడిగినా చెప్పకండి. బ్యాంకు మేనేజర్నని నేనే ఫోన్ చేసినా చెప్పకండి. మీ ఫోనుకు వచ్చిన ఓటీపీ మీ ఫోన్లోనే ఉండాలి. ఇక రెండో విషయం. ప్రతి సేవ తరువాత మీకు ఒక సందేశం వస్తుంది. అందులో ఐదు చుక్కలు, అంటే స్టార్లు, ఉంటాయి. ఐదో చుక్క నొక్కండి. ఇది ఖాతాదారుగా మీ బాధ్యత."

మొదటి వరసలో కూర్చున్న ప్రేమదాసు రెండు విషయాలనూ జిరాక్స్ కాగితం వెనక రాసుకున్నాడు. దుకాణానికి వెళ్లి మైకు తీసి బీరువాలో పెట్టాడు.

ఆ గంట నుంచి నారాయణఖేడ్‌లో ఒక్క సైబర్ మోసం జరగలేదు. ఒక్క లావాదేవీ కూడా జరగలేదు.

శుక్రవారం పొద్దున పదింటికి చందన పద్నాలుగో మెట్టు మీద నిలబడి ఫీజు పేజీ తెరిచింది. ఖాతా వివరాలు కొట్టింది. ఓటీపీ పంపామని ఫోన్ చెప్పింది. కింద చంద్రమ్మ దుకాణం ముందు నిలబడింది.

"దాసన్నా, వచ్చిందా?"

"వచ్చింది చెల్లె. ఇగో, కండ్ల ముంగటనే ఉంది."

"మరి చెప్పు."

"ఎట్ల చెప్త? సారు ఏమన్నడో ఇన్నవా లేదా? కన్నతల్లి అడిగినా చెప్పొద్దన్నడు. నువ్వు నాకు కన్నతల్లివి సుత కాదాయె."

"అయ్యో, గది నా ఓటీపీ గదనన్నా!"

"నీదే. నాదని నేనన్ననా? గందుకే భద్రంగ పెట్టిన."

ఓటీపీకి మూడు నిమిషాలే ఆయుష్షు. అది తీరింది. చందన కిందికి దిగి వచ్చింది.

"మామా, నువ్వు నోటితోని చెప్పకు. ఫోన్ ఇటు తిప్పు, నేనే చూసుకుంట."

"చూపెట్టుడు సుత చెప్పుడే బిడ్డా. చదువుకున్నదానివి, నువ్వే గిట్లంటే ఎట్ల?"

రెండోసారి పంపించారు. ప్రేమదాసు ఫోన్‌ను జేబులో పెట్టుకుని జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. ఆయన దుర్మార్గుడు కాడు. చెప్పిన మాట వినే మనిషి. ఇటువంటి పౌరులు కావాలని ప్రతి సదస్సులోనూ కోరుకుంటారు.

చంద్రమ్మ ఇరవై రెండు మెట్లూ ఎక్కి మేనేజర్ గదికి వెళ్లింది.

"సారూ, దాసన్నకు ఒక్క మాట చెప్పుండ్రి. నా ఓటీపీ నాకు చెప్పుమనుండ్రి. ఐదింటికి నా బిడ్డ సీటు పోతది."

మేనేజర్ ఆమెకు కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించి సమాధానమిచ్చారు.

"అమ్మా, ఓటీపీ చెప్పమని బ్యాంకు ఎప్పుడూ ఎవరినీ అడగదు."

"మీకొద్దు సారూ. నాకు చెప్పుమనుండ్రి."

"ఎవరికైనా సరే, చెప్పమని నేను అంటే అది నేరం. చెప్పకపోవడమే సరైనది. ఇంతకూ ఎవరా వ్యక్తి? ఖాతాదారు అడిగినా చెప్పలేదా?"

"లేదు సారూ. ఏడ్సిన సుత చెప్తలేడు."

మేనేజర్ ప్రేమదాసు పేరు రాసుకున్నారు. సంగప్పకు ఫోన్ చేశారు. చంద్రమ్మ తన పనే అవుతోందనుకుని దండం పెట్టి మెట్లు దిగింది. మధ్యాహ్నం మూడోసారి ప్రయత్నించారు. ఫలితం లేదు. నాలుగోది చివరి ప్రయత్నమనీ, అది విఫలమైతే ఖాతా ఇరవై నాలుగు గంటల పాటు పనిచేయదనీ తెర మీద వచ్చింది. చందన ఫోన్ పక్కన పెట్టింది.

నాలుగున్నరకు మేనేజరూ సంగప్పా శాలువాతో వచ్చారు. వెంట విలేకరులు, రెండు కుర్చీలు, కొత్త మైకు. కన్నీళ్లకు కూడా లొంగకుండా ఓటీపీని కాపాడినందుకు ప్రేమదాసును జిరాక్స్ దుకాణం ముందే సన్మానించాలని నిర్ణయించారు. దాదాపు రెండు వందల మంది చేరారు. వాళ్లలో ముప్పై మంది తమ ఓటీపీల కోసం ఉదయం నుంచి అక్కడే ఉన్నవాళ్లు.

సంగప్ప మాట్లాడారు. "సభకు నమస్కారం. లోకంలో దొంగలు ఎక్కువైపోయిండ్రు. గసొంటి కాలంలో మన ప్రేమదాసు పదకొండు వందల నలభై ఆరు మంది తాళంచెవులను తన గుండెల్లో దాచిండు. తాళంచెవి ఎవరిదో వారికి సుత ఇయ్యలేదు. భద్రత అంటే ఇది. దేశానికి నారాయణఖేడ్ ఇచ్చే సందేశం ఇది."

నాలుగూ నలభై తొమ్మిదికి చందన నాలుగోసారి నొక్కింది. శాలువా కింద ప్రేమదాసు జేబులో ఫోన్ మోగింది. ఆయన ఫోన్ తీసి చూశాడు. జనంలో నుంచి చంద్రమ్మ చేతులు జోడించి ముందుకొచ్చింది.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత. ఒక్కసారి చెప్పన్నా."

ప్రేమదాసు నోరు తెరిచాడు. చెప్పేవాడేనని పక్కనున్నవాళ్లు తరువాత అన్నారు. ఆయన మొదటి అంకె పలికే లోపల మేనేజర్ కొత్త మైకు ఆయన నోటి దగ్గర పెట్టారు.

"చెప్పండి ప్రేమదాసు గారూ, ప్రజలకు మీ సందేశం."

ప్రేమదాసును గారూ అని పిలవడం అదే మొదటిసారి. ఆయన మేనేజర్ వైపు చూశాడు. చంద్రమ్మ వైపు చూశాడు. ఫోన్ జేబులో పెట్టాడు.

"ఎవ్వరికి చెప్పొద్దు" అన్నాడు.

చప్పట్లు మూడు నిమిషాలకు పైగా మోగాయి. ఓటీపీ ఆయుష్షు మూడు నిమిషాలే. ఫోటోలు తీశారు. మరునాటి ఉదయం పత్రికలో వచ్చిన ఫోటోలో ప్రేమదాసు పక్కన చేతులు జోడించి నిలబడిన చంద్రమ్మ ఉంది. కింద "అభినందిస్తున్న మహిళా ఖాతాదారు" అని రాశారు.

ఐదూ ఒక నిమిషానికి చందన పేరును జాబితా నుంచి తొలగించినట్టు కళాశాల నుంచి సందేశం వచ్చింది. ఆన్‌లైన్ సేవలు ఆలస్యమవుతాయన్న విమర్శలో నిజం లేదని దీంతో రుజువైంది. సీటు జాబితాలో తరువాతి అభ్యర్థికి వెళ్లింది. ఆమె ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుందో తెలియలేదు.

చందన తల్లితో సిర్గాపూర్ ఆటో ఎక్కింది. దారిలో ఒక్కటే అడిగింది. "అమ్మా, అప్పుడు దరఖాస్తుల నంబరు గడి ఖాళీగ ఇడిస్తే ఏమైతుండె?"

"గడి ఖాళీగ ఇడువొద్దన్నరు బిడ్డా" అంది చంద్రమ్మ.

రెండో శనివారం సెలవైనా పొద్దున ప్రేమదాసు దుకాణం తెరిచి కూర్చున్నాడు. ఆ రెండు రోజుల్లో ప్రయత్నించి విఫలమైన వాళ్లందరి పేర్లతో బ్యాంకు నుంచి సందేశాలు వచ్చి ఉన్నాయి. "మా సేవ మీకు ఎలా ఉంది?" లావాదేవీ జరగకపోయినా సేవ జరిగినట్టే లెక్క. ఆయన జిరాక్స్ కాగితం వెనక రాసుకున్న రెండో విషయం చూసుకున్నాడు. ఒక్కో సందేశం తెరిచి, ఐదో చుక్క నొక్కాడు. ఎవరినీ వదల్లేదు. చంద్రమ్మ పేరిట నాలుగు సందేశాలు ఉన్నాయి. ఇరవై చుక్కలు.

నెల తిరిగేసరికి ఆన్‌లైన్ సేవల్లో మెట్ల బ్యాంకు నారాయణఖేడ్ శాఖ జిల్లాలో మొదటి స్థానం సంపాదించింది. ఐదుకు నాలుగు పాయింట్ తొమ్మిది. ఆ అంకెను మెట్ల పక్కన గోడ మీద రాయించారు. ఇప్పుడు జహీరాబాద్ నుంచి, సంగారెడ్డి నుంచి కూడా ఆ అంకె చూసి ఖాతా తెరుస్తున్నారు.

తెలివైనవాళ్లు చేసేదీ అదే. మనం చుక్కలు చూసి బ్యాంకును ఎంచుకుంటాం. చంద్రమ్మ బ్యాంకును ఎంచుకుని చుక్కలు చూసింది.