మోకాళ్ల గోళీల పార్సిల్

నవ్వొద్దని ముందే చెప్తున్న. నవ్వినోడే ఇయ్యాల చాయ్ పైసలు కట్టాలె.

నా మోకాళ్లకు ఏ రోగమూ లేకుండె. ఆ సంగతి మీకు ఎరుకే, మా రుక్మాబాయికి ఇంకా బాగ ఎరుక. ఆమెకు ఎరుక లేదనుకున్నోణ్ణి నేనొక్కణ్ణే. లొల్లి అంతా ఆడనే షురువైంది.

ఆబ్కారీ దఫ్తర్ల గుమాస్తానైనా, గౌలిపురల నన్ను అందరూ చిల్లర దుర్గయ్య అనే అంటరు. పాత నాణెం కనబడితే నాకు ఆకలి తెల్వదు. ఏ సుల్తాను కొట్టించిందో తెలియని అరిగిపోయిన వెండిబిళ్లనైనా కండ్లకద్దుకుని తెచ్చి బియ్యం డబ్బాల దాచేటోణ్ణి. ఒకనాడు అన్నం గిన్నెల ఏదో టంగుమన్నది. ఆనాడు పప్పు కన్న ముందు నాకే తాలింపు పడ్డది.

రుక్మాబాయి పాలమ్మే గౌలీల ఆడబిడ్డ. ఆమె ఒక్క కేక వేస్తే పండుకున్న బర్రెలు లేసి నిలబడుతయి. నేను కూసున్నోణ్ణి లేసి నిలబడ్డ.

"ఇంకోపారి నాణెం కొంటవా?"

"కొన్ను."

"ఒట్టు పెట్టు."

దేవుని మీద పెడదామంటే భయం, ఆమె మీద పెడదామంటే ఇంకా భయం. అప్పుడే మా బావమరిది ఎల్లప్ప తన దున్నపోతు సుల్తాన్‌ను నీళ్లకు తోలుకపోతున్నడు. "ఇంకొక్క నాణెం కొంటే, తీసుకపోయి మీ సుల్తాన్ మెడల కట్టుకోండ్రి!" అన్న. దున్నపోతుకు ఒట్టేం తెలుస్తది అని నా ధీమా.

రెండు నెలలు నిఖార్సుగ ఉన్న. అప్పుడు పుణె నుంచి జాబొచ్చింది. ఆడ పాత నాణేలమ్మే కులకర్ణి ఒకాయన ఉన్నడు. ఆయన చేతులకు ఎప్పుడూ రాగి తుప్పే కాబట్టి నేను తుప్పు కులకర్ణి అంట. ఏడు వెండి నాణేలు దొరికినయట, తొందరగ చెప్పకపోతే బొంబాయి సేటు ఎగరేసుకపోతడట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారి జవాబు రాసిన. "పార్సిల్ మీద నాణేలని రాయొద్దు. మోకాళ్ల నొప్పి గోళీలు, ఏడు అని రాయండి." నా తెలివికి నేనే మురిసిపోయి, ఆనాటి నుంచి ఇంట్ల కుంటుడు షురు చేసిన.

"నిన్న కుడికాలు గద కుంటినవ్?" అన్నది రుక్మాబాయి.

"ఈ నొప్పి తిరుగుతదే."

"తిరగనీ" అని పోయి మెంతులు నానబోసింది. నన్ను చూసి జాలిపడ్డదనుకున్న.

మా గల్లీకి టప్పా ఉత్తరాలు తెచ్చేటాయన కమాలుద్దీన్. ఇరవై రెండేండ్ల నౌకరీల ఒక్క కార్డు కూడ పోగొట్టని మనిషి. ఆయన్ను పక్కకు పిలిచి, "కమాల్ భాయ్, నా పేరు మీద పార్సిల్ వస్తే ఇంట్ల ఇయ్యకు. అఫ్జల్‌గంజ్ హోటల్‌కు తెచ్చి నా చేతుల పెట్టు" అని చెప్పిన.

దీపావళి ముంగటి శుక్రవారం సాయంత్రం గిదే బల్ల మీద ఆయన పార్సిల్ పెట్టిండు. దస్తఖత్ చేసిన. తెల్లబట్ట కుట్టు, కుట్టు మీద ఎర్రలక్క ముద్రలు, అన్నీ సలామత్‌గ, చెక్కుచెదరకుండ ఉన్నయి. కుట్టు కోసిన.

లోపల ఏడు మెంతి ఉండలు.

"నా నాణేలేవి?" అని అరిచిన.

"ఏం నాణేలు భాయ్? గోళీలని రాసి ఉన్నది గద."

"నువ్వు దార్ల ఏడ ఆగినవ్? ఈ సంచీ ఎవరి చేతికన్న ఇచ్చినవా?"

కమాలుద్దీన్ నోరు తెరిచి, మళ్ల మూసుకున్నడు. తల దించుకున్నడు. ఆ మౌనం చూసి దొంగ దొరికిండనుకున్న. ఇరవై రెండేండ్ల పరిచయం రెండు నిమిషాలల్ల మరిచిపోయి, ఆ కోపంలనే టప్పా పెద్దసాబ్‌కు అర్జీ రాసి పడేసిన. ఏడు వెండి నాణేలు కమాలుద్దీన్ మార్చిండని పేరు పెట్టి రాసిన. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గైతది.

సోమవారం పొద్దుగాల టప్పా తనిఖీ అధికారి అబ్దుల్ వాహెద్ సాబ్ మా ఇంటికే వచ్చిండు. ఆయన జేబుల భూతద్దం లేకుండ గడప దాటడు. చేపల కూర తినేటప్పుడు కూడ దాన్ని బయటికి తీస్తడని చెప్పుకుంటరు. ఆయన ఎనక కమాలుద్దీన్ వచ్చిండు. ఆయన భుజానికి సంచీ లేదు. ఆయనను నౌకరీ నుంచి ఆపిన్రని ఆ ఖాళీ భుజం చూస్తేనే తెలిసింది.

రుక్మాబాయి తలుపు కాడ నిలబడ్డది. సాబ్ అర్జీ తీసి అందరి ముంగట చదివిండు. ప్రతి మాటకూ నేను ఒక అంగుళం కుంగిపోతున్న. "చాందీ సిక్కాలు సాత్", గదే ఏడు వెండి నాణేలు, అనంగనే రుక్మాబాయి దిక్కు చూసిన. ఆమె మొఖంల కోపం లేదు. దాంతోని ఇంకా భయమైంది.

"చూడు దుర్గయ్యా" అన్నడు సాబ్. "అర్జీల సిక్కాలు, పార్సిల్ మీద గోళీలు. రెంట్ల ఒకటి ఝూట్. పార్సిల్ మీది మాట ఝూట్ అయితే నీ మీద కేసు. అర్జీ ఝూట్ అయితే గూడ నీ మీదనే కేసు. అర్జీ నిజమైతే ఈయన నౌకరీ పోతది, జైలు గూడ పడతది. సోచ్ కే బోలో, ఆలోచించి చెప్పు."



సాబ్ భూతద్దం తీసి లక్క ముద్రలు చూసుడు మొదలుపెట్టిండు. చూసి చూసి, "అరే!" అన్నడు. "ఈ లక్కల అద్దం ముక్క మెరుస్తున్నది. ఇది టప్పా లక్క కాదు, లాడ్ బజార్ గాజుల లక్క. పార్సిల్‌ను ఈ షహర్లనే ఎవరో విప్పి మళ్ల కుట్టిన్రు. కమాలుద్దీన్, శుక్రవారం సంచీ నీ భుజం దిగిందా?"

కమాలుద్దీన్ మా అరుగు మీది కొయ్య దిక్కు చూసి, చూపు తిప్పుకున్నడు. నాకు అప్పుడు వెలిగింది. శుక్రవారం శుక్రవారం ఆయన ఆ సంచీని మా అరుగు మీది కొయ్యకు తగిలేసి, గల్లీ చివరి మసీదుకు జుమ్మా నమాజుకు పోతడు. వచ్చేదాంక రుక్మాబాయి కాపలా ఉంటది, వచ్చినంక సల్ల పోస్తది. ఇది గల్లీ అంతటికీ ఎరుకే. కానీ సంచీ దించి పోవుడు ఖానూన్‌కు ఖిలాఫ్. ఆ మాట బయటపడితే నౌకరీ పోతది. అంతకన్న ఎక్కువ, రుక్మాబాయి పేరు తీయాల్సొస్తది. ఆమెను ఆయన బహెన్ అని పిలుస్తడు.

"ముద్రల చేప ఉన్నది" అన్నడు సాబ్. "తోకకు ఒక దిక్కు విరిగిన చేప. ఈ మొహర్ ఎవరిది?"

నేను వంగి చూసిన. ఆ చేపను పోయిన ఉగాదికి చార్‌కమాన్ కాడ నేనే కొన్న. తోక విరిగిందని రూపాయి తగ్గించుకున్న. అది రుక్మాబాయి కాలి మట్టె మీది చేప.

తల తిప్పి ఆమె కాళ్ల దిక్కు చూసిన. చీర కుచ్చిళ్ల కిందికి వేళ్లు మెల్లగ లోపలికి పోయినయి.

"ఆఖరుసారి అడుగుతున్న" అన్నడు సాబ్. "జవాబు లేదంటే కమాలుద్దీన్, నీ బిళ్ల గూడ ఇక్కడనే తీసి ఇయ్యి."

కమాలుద్దీన్ ఛాతీ మీది ఇత్తడి బిళ్లను విప్పుతున్నడు. పిన్ను ఊడుతలేదు. రుక్మాబాయి ఒక అడుగు ముందలికి వేసింది. "సాబ్, ఆ ముద్ర..."

ఆమె నోట్ల నుంచి తర్వాతి మాట వస్తే ఇంటి ఆడమనిషి టప్పా దొంగయితది. కమాలుద్దీన్ నౌకరీ గూడ ఆడనే ఖతం. నాకు మోకాళ్లు యాదికి లేవు, ఎగిరి మధ్యల దుంకిన.

"గోళీలే సాబ్! గోళీలే తెప్పించిన! నాణేలు లేవు, గీణేలు లేవు. జ్వరం తలకెక్కి అర్జీ రాసిన. ఈయన దేవుడసొంటి మనిషి!"

సాబ్ నన్ను కింది నుంచి మీది దాంక భూతద్దంల చూసిండు.

"అచ్ఛా. గోళీలే అయితే తిను."

"ఇప్పుడా?"

"మందుకు ముహూర్తమెందుకు?"

ఒక ఉండ నోట్ల పెట్టుకున్న. చేదు చెవుల దాంక పోయింది. మెంతులల్ల వేపాకు గూడ నూరింది మహాతల్లి. నములుతుంటే కండ్లల్ల నీళ్లు కారుతున్నయి, నవ్వుదామంటే నోరు రాదు.

"వైద్యుడు పూటకు రెండు అన్నడు సాబ్" అన్నది రుక్మాబాయి నిమ్మలంగ.

రెండోది గూడ తిన్న. సాబ్ నా చేత రాజీ కాయిదం రాయించుకున్నడు, అర్జీ చింపిండు. పోతూ పోతూ రుక్మాబాయి చేతులకున్న లాడ్ బజార్ గాజులు చూసిండు, చేదు మింగలేక నేను తిప్పలు పడుడు చూసిండు. భూతద్దం జేబుల పెట్టుకున్నడు. "ఇది టప్పా కేసు కాదు, ఇంటి కేసు. నా ఇలాకాల రాదు" అని మెట్లు దిగిండు.

నేను కమాలుద్దీన్ రెండు చేతులు పట్టుకున్న. "మాఫ్ చెయ్యి భాయ్. నేను గాడ్దిని."

ఆయన కండ్లు తుడుచుకున్నడు. "గిట్ల ఇంకెవరి మీద రాయకు భాయ్. నా పానం పోయినంత పనైంది." రుక్మాబాయి ఆయనకు సల్ల తెచ్చిచ్చింది. గ్లాసు చేతుల పెట్టుకుంట అన్నది, "నీ దాంక వస్తదనుకోలేదు అన్నా. పార్సిల్ విప్పిన నాడే నీకు చెప్పేదుండె." ఇంక జుమ్మానాడు సంచీని ఎవరికాడ పెట్టాల్నో ఆలోచించుకుంటనని ఆయన అన్నడు.

ఆయన పోయినంక తలుపు పడ్డది. నేను గోడకు ఆనుకున్న.

"నీకెట్ల తెలిసిందే?"

"మోకాళ్ల గోళీలు గలగలమంటయానయ్యా? సంచీ కొయ్యకు తగిలేస్తుంటేనే చప్పుడైంది. కమాల్ అన్న నమాజు ముగించేలోపల విప్పిన, నీ మోకాళ్లకని చేసి పెట్టిన ఉండలు నింపి కుట్టిన, పగిలిన లక్క గాజు కరగబెట్టి మట్టెతోని ముద్రేసిన."

"అడిగితే అయిపోతుండె గద!"

"అడిగితే నిజం చెప్తుంటివా?"

చేదు ఇంకా గొంతులనే ఉన్నది.

"నా నాణేలేవి మరి?"

"ఒట్టు ఏడ పెట్టినవో ఆడ."

దీపావళి దాటినంక మా గౌలీలు దున్నపోతులను ముస్తాబు చేసి ఊరేగించే పండుగ మీకు తెలుసు. డప్పులు మోగుతుంటే ఎల్లప్ప సుల్తాన్‌ను పట్టుకొచ్చిండు. కొమ్ములకు నెమలీకలు, ఒంటికి నూనె, మెడల గవ్వల పట్టా. గవ్వల నడుమ ఏడు వెండి నాణేలు. ఒక్కొక్కదానికి నడుమల తొర్ర పొడిచి గట్టి దారంతోని కుట్టిన్రు. చింతపండుతోని తోమి తళతళలాడించిన్రు. మూడు వందల ఏండ్ల నలుపు మూడు నిమిషాలల్ల పోయింది. గల్లీ అంతా ఈలలు వేస్తుంటే నేనొక్కణ్ణే ఏడ్చిన. సంతోషంతోని ఏడుస్తున్ననుకుని ఎల్లప్ప నా మెడల దండ వేసిండు.

అప్పటి నుంచి రోజూ పొద్దుగాల ఒక మోపు గడ్డి పట్టుకుని సుల్తాన్ కాడికి పోతున్న. బావకు మా దున్న మీద ఎంత ప్రేమ అని ఎల్లప్ప ఊరంతా చెప్పుకుంటున్నడు. ఆరు నాణేలు కనబడుతయి. ఏడోది గొంతు కింది ముడతల ఇరుక్కున్నది. అది చూద్దామని నిన్న జర దగ్గరికి వంగిన.

సుల్తాన్‌కు గిలిగింతలు పెట్టినట్టైందేమో, ఎనక్కి తిరిగి ఒక్క తన్ను తన్నింది. కుడి మోకాలి మీదనే. గందుకే ఇయ్యాల కట్టె పట్టుకుని వచ్చిన.

ఇంటికి కుంటుకుంట పోతే రుక్మాబాయి తలుపు కాడనే ఉన్నది. "ఈపారి ఏ కాలు?" అన్నది. నేను నిజమే చెప్పిన. ఆమె లోపలికి పోయి డబ్బా తెచ్చి నా ముంగట పెట్టింది.

"ఇంకా ఐదున్నయి."