నారింజ తొక్కల పీపా

...అసలు మనుషులు నీళ్ళను కళ్ళతో ఎందుకు కొలుస్తారు? తేటగా మెరిసేవాటిలో విషం ఉండొచ్చు, మురికిగా కనిపించేవి నిక్షేపంగా ఉండొచ్చు. మనుషుల సంగతీ అంతే. తన సంగతీ అంతేనేమో. ఎటో పోతున్న ఆలోచనను వెనక్కి లాక్కుని, వర్క్‌షాపు కెమిస్టు ఎదురుగా ఉన్న పీపా వైపు చూశాడు.

ఆ పొద్దుటి పథకం చాలా చిన్నది. కుళాయిలకు నికెల్ పూత వేశాక కడిగిన నీళ్ళను, ఎండబెట్టి దంచిన నారింజ తొక్కలు నింపిన పీపాలోంచి పంపాలి. నికెల్‌ను తొక్కలు పట్టేసుకుంటాయి. మధ్యాహ్నం కాలుష్య బోర్డు ఇన్‌స్పెక్టరమ్మ పరీక్షలో నీళ్ళలో నికెల్ తేలితే వర్క్‌షాపుకు తాళమే. ఇందుకోసం జ్యూసు కొట్టు తొక్కలన్నీ మోసుకొచ్చి డాబా నిండా ఆరబోసి, "ఇంకొక్క బస్తా తెచ్చారంటే మిమ్మల్నీ అక్కడే ఆరేస్తాను" అని భార్య చేత అనిపించుకున్నాడు.

పథకం పారింది. నికెల్ పోయింది. కాకపోతే నీళ్ళు తొట్టిలోకి టీ డికాషన్‌లా దిగాయి.

ఓనరు తొట్టిలోకి తొంగిచూశాడు. "ఏమయ్యా, నీళ్ళు శుభ్రం చెయ్యమంటే టీ పెట్టావా?"

అది తొక్కల రంగేననీ, భయం లేదనీ కెమిస్టు నచ్చజెప్పబోయాడు. ఓనరు అప్పటికే బావమరిదికి కబురు పెట్టేశాడు. ఓనరు భార్యకు తమ్ముడు కావడమే అక్కడ ఆ మనిషి ఉద్యోగం.

కెమిస్టు ఇన్‌స్పెక్టరమ్మ కోసం గేటు దాకా వెళ్ళాడు. ఆమెకు చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు. మెచ్చుకుంటే ఎంత నవ్వాలో కూడా అనుకున్నాడు. ఆమెను వెంటబెట్టుకుని వచ్చేసరికి బావమరిది ప్యాంటు మడిచి, పీపా పక్కన నిలబడి చేతులు దులుపుకుంటున్నాడు.

"రంగు తొక్కల్లోనే కదండీ ఉంది? మడ్డి వదిలేలా కడిగి పారేశాను."

దేనితో అని అడగక్కర్లేదు. పక్కనే యాసిడ్ క్యాను నోరు తెరుచుకుని ఉంది. తొక్కలు పట్టుకున్న నికెలంతా వదిలిపోయి, కింద పెట్టిన బకెట్లోకి చిక్కటి పచ్చరంగులో దిగింది. కెమిస్టుకు అతని పీక పిసకాలనిపించింది. యాసిడ్‌తో నికెల్‌ను వెనక్కి రాబట్టడం తన మనసులో ఉన్న రెండో మెట్టేననీ, బాగా నమ్మకం కుదిరాక చెబుదామని ఊరుకున్నాననీ గుర్తొచ్చి మరీ అనిపించింది.

ఇన్‌స్పెక్టరమ్మ ముందు తొట్టిలోని టీ నీళ్ళు పరీక్షించింది. నికెల్ హద్దులోనే ఉందని, రంగు సంగతి తర్వాత చూసుకోమని చెప్పి, బకెట్ వైపు తిరిగింది. అదేమిటని అడిగితే, మావాడు కడిగిన నీళ్ళని ఓనరు నసిగాడు. ఆమె దాన్నీ పరీక్షించి కనుబొమలు ఎగరేసింది.

"నికెలంతా వెనక్కి తీశారే. కాస్త సరిచేస్తే మళ్ళీ పూతకు వాడుకోవచ్చు. ఎవరి ఆలోచన ఇది?"

"మా బావమరిదిదేనండి," అన్నాడు ఓనరు, ఆ క్షణం నుంచే గర్వపడుతూ.

"ఏదో, ఇల్లు కడిగినట్టు కడిగానండి," అన్నాడు బావమరిది. ఆ వినయం కూడా ఆమెకు నచ్చింది. ఇకమీద పీపా ఈయన చేతుల మీదుగానే నడవాలని చెప్పి వెళ్ళింది.

కెమిస్టు చేతొడుగులు వేసుకుని, వంగి, యాసిడ్ క్యానుకు మూత బిగించాడు.

మూత బిగించడం ఎవరి ఆలోచనని మాత్రం ఎవరూ అడగలేదు.