వెనక చక్రం ఇరవై రెండు నిమిషాలు

మోటార్ సైకిల్ మీద బ్రేకుల తేడా చూపించే ఏబీఎస్ లైటు వెలిగిన రోజు నుంచి సూర్యచంద్రం ముందు చక్రంతో తొమ్మిదింటికి ఆఫీసు చేరుతున్నాడు. వెనక చక్రం అతని భార్య హైమావతిని తీసుకుని తొమ్మిదీ ఇరవై రెండుకి చేరుతోంది. ఇద్దరిదీ పాలకొల్లులో ఒకటే ఆఫీసు, భీమవరం నుంచి రోజూ ఒకే బండి మీద వస్తారు.

ఆ ఇరవై రెండు నిమిషాలూ హైమావతివే. వీరవాసరం దగ్గర వెనక చక్రాన్ని ఆపి వేడి వేడి పునుగులు తినేది. కాలవ గట్టు పొడవునా గొంతెత్తి పాడుకుంటూ వచ్చేది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో తనని ఎవరూ ఏమీ అడగని సమయం అదొక్కటే. ఆమెకి చెప్పలేనంత సంతోషంగా ఉండేది.

వారం తిరక్కుండా ఆఫీసరు మెమో ఇచ్చారు. ఒకే వాహనం తాలూకు రెండు చక్రాలూ ఒకేసారి హాజరవుతున్నట్టు మెకానిక్ ధ్రువపత్రం తేవాలి, లేకుంటే వెనక చక్రం వారికి ఆబ్సెంటు వేస్తారు.

ఆదివారం మెకానిక్ ఏసుపాదం బండికి మీటరు తగిలించి చూశాడు.

"రెండు చక్రాలకీ మాట కలవట్లేదండీ. ముందుది ఎంత స్పీడో చెబుతుంది. వెనకది నోరు మెదపట్లేదు."

వెనక చక్రం విప్పాడు. సెన్సరు చుట్టూ దసరా పూజ నాటి పసుపు గట్టిపడి ఉంది. అందులో రెండు అక్షింతలు కూడా ఉన్నాయి.

"పూజ ఎవరు చేశారండీ?"

"నేనే," అంది హైమావతి.

"బాగా దట్టించారండీ. ఈ నెల్లో ఇది పదిహేనో బండి," అంటూ గుడ్డతో తుడిచి బిగించాడు. "ఓ రౌండు కొట్టి రండి, బండి కదిలాకే ఆరుద్ది."

లైటు ఆరింది. రౌండంతా సూర్యచంద్రం ముందుకి చూస్తూ మాట్లాడుతూనే ఉన్నాడు.

"కూరేంటి? ఇస్త్రీ బట్టలొచ్చాయా? నా కళ్లజోడెక్కడ పెట్టావు?"

హైమావతి అన్నిటికీ జవాబు చెప్పింది. ఏసుపాదం ధ్రువపత్రం మీద సంతకం పెట్టాడు. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

సోమవారం నుంచి గురువారం దాకా ఇద్దరూ సరిగ్గా తొమ్మిదింటికి హాజరయ్యారు. శుక్రవారం పొద్దున్నే హైమావతి పసుపు గిన్నెతో వెనక చక్రం దగ్గర కూర్చుంది.

"ఇవాళేం పండగే?" అన్నాడు సూర్యచంద్రం.

"శుక్రవారం కదండీ. ఇకనుంచి ఓ అరగంట ముందే బయల్దేరదాం. మీకూ మెమోల గొడవుండదు."

మాట సబబుగానే ఉందనిపించింది అతనికి. బండి ఎక్కుతూ చూస్తే వీధిలో బళ్లన్నిటికీ వెనక చక్రాలు పచ్చగా ఉన్నాయి.

ఎనిమిదిన్నరకి అతను చేరేసరికి ఆఫీసు గేటుకి ఇంకా తాళం ఉంది. బయట పదకొండు మంది భర్తలు ముందు చక్రాలు పట్టుకుని నిలబడ్డారు. అందరికంటే ముందు ఆఫీసరున్నారు. సూర్యచంద్రం వరస చివర నిలబడ్డాడు. మీ ఆవిడేరీ అని ఎవరూ ఎవర్నీ అడగలేదు. భీమవరం రోడ్డు మీంచి పాటలు వినబడుతున్నాయి. అందులో ఏ గొంతు తన భార్యదో వాళ్లలో ఒక్కరికీ తెలియలేదు.