నలభై ఇద్దరు అతిథులు

ఆ రోజు ఉదయం సర్వర్లాయన వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికి ఆఫీసు చేరడం, పదకొండింటికి పాత మిషనులో ఉన్నవన్నీ కొత్త మిషనులోకి మార్చేయడం, ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి భోంచేసి ఓ కునుకు తీయడం. బూట్ల లేసులు కట్టుకుంటూ ఆ ముక్కే భార్యతో అన్నాడు.

"ఐదు నెలల నుంచీ ఇదే మాట వింటున్నా," అంది ఆవిడ.

"ఈసారి సంతకం అయిపోయింది. నిన్న సాయంత్రమే."

"అయితే ఆ ముసలి మిషను ఇంకా బతికే ఉందన్న మాట."

"మూలుగుతోంది. అది పోయేలోగా మార్చేస్తే సరేసరి. లేదంటే దాంతోపాటు నా ఉద్యోగమూ పోతుంది."

లోపలి గదిలో అత్తగారు ఈ సంభాషణంతా వింటూనే ఉంది కానీ పట్టించుకోలేదు. సర్వరంటే ఆవిడకు తెలిసింది హోటల్లో కాఫీ తెచ్చేవాడే. అల్లుడు ప్రభుత్వ క్యాంటీన్లో పెద్ద సర్వరని పన్నెండేళ్లుగా చుట్టాలకు చెప్పుకుంటూ వస్తోంది.

ఆయన చూసుకునే సర్వర్లు ఆఫీసు పనంతా మోసే పెద్ద కంప్యూటర్లు. వాటిలో పాత మిషను పైకి ఒక్కటే పెట్టె. దాని కడుపులో మాత్రం నలభై రెండు ఉత్తుత్తి మిషన్లు కాపురముంటాయి. పింఛన్లకొకటి, జనన ధ్రువపత్రాలకొకటి, నీటి కనెక్షన్లకొకటి. ఆ పనివాళ్లు వాటిని గెస్టులంటారు, చోటిచ్చిన పెట్టెను హోస్టంటారు. ఆ పెట్టె ఆగిపోతే గెస్టులన్నీ ఒక్కసారే రోడ్డున పడతాయి.

ఈ సంగతంతా రాసి అనుమతి అడిగితే ఫైలు ఐదుసార్లు వెనక్కి వచ్చింది. ఐదుసార్లూ ఒకటే రిమార్కు: "పరభాషా పదములు తొలగించవలెను." నోటు మన భాషలోనే ఉండాలన్నది అక్కడి నియమం. దానికి కాపలా అనువాద విభాగం గుమాస్తా. ఆయన్ను అందరూ నిఘంటువుగారంటారు. ఆరోసారి సర్వర్లాయన విసిగిపోయి, "మీకు తోచినట్టు రాసి పంపండి సార్" అనేశాడు. ఆయన రాసి పంపారు. ఎన్నడూ లేనిది గంటలో సంతకమైంది. ఏం రాశారో ఒకసారి చదువుదామని మాత్రం మనవాడికి తోచలేదు.

ఆఫీసు గేటు దగ్గర స్వాగతం బ్యానరు కట్టి ఉంది. టేబులు మీద బొకేలు, పక్కన ఫోటోగ్రాఫరు, అద్దె జనరేటరు, దాని వెనక అంబులెన్సు, ఇద్దరు పోలీసులు. ఎవరో మంత్రి వస్తున్నాడనుకుని ఓరగా జారుకోబోతే, మర్యాదల విభాగం మేడమ్ పట్టుకుంది.

"సర్వర్ల సంగతి చూసేది మీరేగా? ఎంతమందున్నారు?"

"రెండు మేడమ్. ఒకటి పాతది, ఒకటి కొత్తది."

"నలభై రెండు మందికి ఇద్దరేనా?"

"కొత్తది ఒక్కటే లాగేస్తుంది. పాతదాన్ని ఇవాళ్టితో తీసేస్తాం."

"పెద్దవాళ్లని అది, ఇది అనకండి. వినడానికి బాగోదు," అని ఆవిడ నొచ్చుకుంది.

"ఇంతకీ ఎవరొస్తున్నారు మేడమ్?"

"మీ అతిథులేగా," అంటూ ఆవిడ నోటు కాపీ చేతిలో పెట్టింది.

"నలభై ఇద్దరు అతిథులను, శిథిలావస్థలోనున్న పాత ఆతిథేయుని వద్దనుండి నూతన ఆతిథేయుని వద్దకు నేడు పదకొండు గంటలకు సజీవముగా తరలించవలెను. అంతకుముందు ప్రతి అతిథికి ఛాయాచిత్రము తీయవలెను. ఏ అతిథియైనను వేలాడినచో వెంటనే చంపి, తిరిగి లేపవలెను."

"ఆ చివరి వాక్యం చూసే పోలీసులకు కబురు పెట్టాం," అంది మేడమ్ గొంతు తగ్గించి. "లేపడానికి అంబులెన్సు."

సర్వర్లాయన రాసిన గెస్టు అతిథైంది, స్నాప్‌షాట్ ఛాయాచిత్రమైంది, హ్యాంగైన మిషనును కిల్ చేసి రీస్టార్ట్ చేయడం హత్యలా తయారైంది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే సంతకం రద్దు, ఫైలు మళ్లీ మొదటికి. మిషను ఇంకో ఐదు నెలలు ఆగదు, ఐదు రోజులు కూడా అనుమానమే. నిజాన్ని మింగేశాడు.

"అతిథులు ఎక్కడ దిగారు?"

"లోపలే ఉన్నారు మేడమ్, మిషన్ల గదిలో," అన్నాడు. అందులో అబద్ధం లేదు.

అంతలో ఎవరో స్వాగతం మైకు, దీపాలు ఒక్కసారే వేశారు. బిల్డింగు మొత్తం కరెంటు పోయింది. మిషన్ల గది బ్యాటరీ పది నిమిషాలకు మించి రాదు.

"మేడమ్, ఆ జనరేటరు నా గదికి తగిలించమనండి. లోపల వాళ్లకు ఊపిరాడదు."

నాలుగు నిమిషాల్లో తగిలించారు. ఆ ఆఫీసులో ఆయన అడిగింది అంత త్వరగా జరగడం అదే మొదలు.

తలుపు బయట, నోటు మీద సంతకం పెట్టిన పెద్దసారు బొకే పట్టుకుని నిలబడ్డారు. లోపల గెస్టులు ఒక్కొక్కటే దాటుతున్నాయి. నలభై ఒకటి క్షేమంగా చేరాయి. పింఛన్లది మాత్రం సగం దారిలో బిగుసుకుపోయింది. పాత మిషను ఫ్యాను గీపెడుతోంది.

"వేలాడిపోయిందే. ఇక చంపడమే," అన్నాడు సర్వర్లాయన, కాస్త గట్టిగానే.

మీట నొక్కిన మరుక్షణం తలుపు తోసుకుని పోలీసులు లోపలికొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఎవర్ని చంపావ్?"

"పింఛన్లదాన్ని సార్. ఒక్క వేలు వదలండి, లేపేస్తాను."

పోలీసులు పెద్దసారు వైపు చూశారు. ఆయన ఇబ్బందిగా, "నోటులో అలాగే ఉంది. వదలండి," అన్నారు.

వేలు మీట మీద పడింది. కొత్త మిషను తెర మీద నలభై రెండో పచ్చదీపం వెలిగింది. పాత మిషను ఓ మూలుగు మూలిగి ఆగిపోయింది. సర్వర్లాయనకు ఏడుపొక్కటే తక్కువ.

"అతిథులేరీ?" అన్నారు పెద్దసారు.

సర్వర్లాయన కొత్త మిషను చూపించి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పెద్దసారు కాసేపు మిషనును, ఇంకాసేపు నోటు కింద తన సంతకాన్ని చూసుకున్నారు. చదవకుండా పెట్టానని పోలీసుల ముందు ఎలా చెప్పుకుంటారు? బొకే తీసుకెళ్లి మిషను మీద పెట్టి, ఫోటోగ్రాఫరు వైపు తిరిగి, "తియ్యి" అన్నారు.

మూడో రోజు సర్వర్లాయన టేబులు మీదకు కవరొచ్చింది. సస్పెన్షనే అనుకుని గుండె చిక్కబట్టుకుని విప్పాడు. మర్యాదల విభాగం మెమో అది: "అతిథులు ఎప్పుడు తిరిగి వెళ్లెదరో తెలుపగలరు."

జవాబు నిఘంటువుగారి చేతే రాయించాడు: "మరి ఎనిమిదేండ్లు ఉందురు. వారికి ఉక్క పడదు."

ఏడాదిగా అడుగుతున్నా రాని ఏసీ ఆ సాయంత్రానికల్లా వచ్చింది. ఒకటి కాదు, రెండు.