బందో పట్టిన గొడుగు

"ఈ ఒసాకాలో నిజంగా పనిచేసే మెదళ్లు చాలా తక్కువ చిహరూ. వాటిలో అగ్రగణ్యమైనది ఇదిగో, ఈ టోపీ కింద ఉంది!" అన్నాడు బందో, చూపుడు వేలితో కణత మీద కొట్టుకుంటూ.

ఆ వేలికి జిగురుంది. వేలు కణతకు అతుక్కుపోయింది. థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడిచి తుడిచి విడిపించేసరికి నా భోజన విరామం కాస్తా అయిపోయింది.

మా కంపెనీలో తయారయ్యేది తినడానికి పనికిరాని తిండి. హోటళ్ల ముందు అద్దాల పెట్టెల్లో నోరూరిస్తూ కూర్చునే రామెన్ నూడుల్స్ గిన్నెలు, రొయ్యల వేపుళ్లు, అన్నం మీద పరిచిన పాముచేపలు అన్నీ మా ప్లాస్టిక్ సరుకే. నేను వాటికి రంగులు వేస్తాను. బందో వాటిని అట్టపెట్టెల్లో సర్ది టేపు వేస్తాడు. ఇద్దరం ఒకే ఏడు ఉద్యోగంలో చేరాం. అప్పటినుంచీ అతను డిటెక్టివు, నేను అతని సహాయకురాలు. ఈ పదవి నేను అడిగింది కాదు.

టేపు వేస్తూ అతను అపరాధ పరిశోధన నవలలు చదువుతాడు. ఒకసారి చదువుతున్న నవలను కూడా పెట్టెలో పెట్టి టేపు వేసేశాడు. నగోయా నుంచి ఒక నూడుల్స్ హోటలాయన ఫోన్ చేసి, "సరుకు బాగుందండీ, కానీ చివరి పేజీలు చిరిగిపోయాయి. ఇంతకీ హంతకుడెవరు?" అని అడిగాడు.

మా మేనేజరు కురోయివా. ఆయనకు రెండే పనులు తెలుసు: అరవడం, అన్నిటికీ ఎర్రరంగు పూయించడం. "ఇంకా ఎర్రగా! దారినపోయేవాడి కళ్లు చెదరాలి!" అంటాడు. నేను తిప్పలుపడి పాముచేప పులుసు మెరుపును అచ్చం పొయ్యి మీద ఉన్నట్టు తెప్పిస్తే, కొనేవాళ్ల ముందు "నేనే దగ్గరుండి చేయించాను" అంటాడు. వాళ్లు వెళ్లాక నా బల్ల దగ్గరికొచ్చి, "ఒక్క చేపకు ఇంతసేపా?" అని గుడ్లురుముతాడు.

అందుకే నేను గుట్టుచప్పుడు కాకుండా వేరే ఉద్యోగం వెతుక్కుంటున్నాను. క్యోటోలో ఒక చిన్న సంస్థ ఉంది. వైద్య కళాశాలల కోసం గుండెలూ, ఊపిరితిత్తులూ, కాలేయాలూ అచ్చుపోసి రంగులు వేస్తారు. ఇన్నాళ్లూ లివర్ వేపుడు చేసిన చేత్తో ఇక లివరే చేద్దామని, కడుపునొప్పి అని సెలవు పెట్టి ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాను. ఫలితం ఇంకా తెలియలేదు. తెలిసేదాకా కురోయివా చెవిన పడకూడదు. మా సకాతా ఇలాగే వేరే చోట కుదురుకోబోతుంటే, ఈయన అక్కడికి ఫోన్ చేసి, వాడికి లేని రోగాలన్నీ అంటగట్టి చెడగొట్టాడు. పాపం సకాతా ఇప్పటికీ మా దగ్గరే కూర్చుని ప్లాస్టిక్ మెతుకులు అతికిస్తున్నాడు.

వానాకాలం. ఇంటర్వ్యూ అయిన మర్నాడు కురోయివా గదిలోంచి పిడుగు పడినట్టు కేక వినిపించింది.

"ఇంటర్వ్యూనా? ఎవడు? ఎక్కడ? హలో! హలో!"

తలుపు దడాలున తెరుచుకుంది. ఆయన ముఖం ఆయన కోరుకునే ఎరుపులోనే ఉంది.

"ఎవరో ఆడమనిషి ఫోన్ చేసింది. 'ఇంటర్వ్యూకి వచ్చినవారు గొడుగు మరిచిపోయారండీ, దాని మీద మీ కంపెనీ నంబరుంది' అంటోంది! పేరు చెప్పేలోపు పెట్టేసింది. మీలో ఒక ద్రోహి ఉన్నాడు. ఎవడు వాడు?"

నా చేతిలో కుంచె ఆగిపోయింది. కంపెనీ వార్షికోత్సవానికి అందరికీ ఒకేరకం నల్ల గొడుగులు పంచారు. నాది క్యోటోలో ఉండిపోయిందని ఆ క్షణం వరకూ నాకే తెలియదు.

అప్పుడే ప్యాకింగ్ గదిలోంచి బందో వచ్చాడు. ఛాతీ ముందు వచ్చింది, తర్వాత మనిషి.

"మేనేజర్ గారూ! నేరస్థుడు ఎంత తెలివైనవాడైనా ఎక్కడో ఒక గొడుగు వదిలే వెళ్తాడు. ఈ కేసు నాకప్పగించండి. బందో ఉన్నచోట బందోబస్తుకి లోటుండదు!"

"నువ్వా?" అన్నాడు కురోయివా. చుట్టూ చూశాడు. మిగతా అందరూ అనుమానితులే. "సరే, ఏడువు. సాయంత్రంలోగా నాకు వాడి పేరు కావాలి."

"నా సహాయకురాలు చిహరు నా వెంటే ఉంటుంది."

"ఉండనీ."

అలా నన్ను పట్టుకునే పనిలో నన్నే నియమించారు.

మెట్లకింద కూర్చుని బందో మొదటి వ్యూహం చెప్పాడు. "ఇది మామూలు ఉద్యోగం కేసనుకుంటున్నావా? కాదు. దీని వెనక అంతర్జాతీయ ముఠా ఉంది. మన రొయ్య రహస్యాలు విదేశాలకు తరలిపోతున్నాయి."

"రొయ్యలో రహస్యమేముంది బందో?"

"అదే కదా రహస్యం! ఇప్పుడు చూడు. ఎవరి గొడుగు లేదో వాడే ద్రోహి."

ఈసారి అతని మెదడు నిజంగానే పనిచేసింది.

అతను గది గదికీ తిరిగి, "సాక్ష్యం! సాక్ష్యం!" అంటూ అందరి గొడుగులూ తెచ్చి నడవలో గుట్టగా పోశాడు. నా వంతుకి నేను కూడా ఓ నాలుగు గొడుగులు మోసి సాయం చేశాను. ఆ తర్వాత లెక్కపెట్టాడు.

"ఒకటి తక్కువ!" అని గావుకేక పెట్టాడు. "దొరికాడు! దొరికాడు!"

"ఎవడు?" అంటూ కురోయివా పరుగెత్తుకొచ్చాడు.

బందో గుట్టను చూశాడు. అన్నీ నల్లవి. అన్నీ ఒకే పిడివి. ఎవరిది ఏదో ఆ బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

"అది... ఒక గొడుగు తక్కువైన వ్యక్తి సార్," అన్నాడు.

కురోయివా మాట్లాడకుండా ఒక గొడుగు తీశాడు. బందో వంగకపోయి ఉంటే అతని మెదడుకి ఆరోజు గట్టి దెబ్బే తగిలేది.

రెండో వ్యూహంలో బలైంది లెక్కలు చూసే యొనెకురా అక్క. ఆవిడ బల్ల పక్కన సంచిలో మడతపెట్టిన నల్ల సూటు కనిపించింది బందోకి. నా చెవిలో, "ఇంటర్వ్యూ సూటు! రక్తం గడ్డకట్టే నిజం బయటపడబోతోంది, గట్టిగా ఊపిరి పీల్చుకో," అని, ఆవిడ ముందుకెళ్లి నిలబడ్డాడు.

"అక్కా, నిన్న సెలవు పెట్టి ఈ సూటు వేసుకుని ఎక్కడికెళ్లావు?"

"మా చిన్నమామ పోయాడు నాయనా. అంత్యక్రియలకెళ్లాను."

"పోయాడు! ఏ కంపెనీకి పోయాడు?"

ఆవిడ కళ్లజోడు కిందికి దించి చూసింది. "పైకి. నీకూ చిరునామా కావాలా?"

"అక్కడికెళ్లినవాళ్లని ఏమేం అడిగారు? జీతం సంగతి వచ్చిందా?"

"చిహరూ, వీణ్ణి తీసుకుపోతావా, లేక మా మామ దగ్గరికి నేనే వీణ్ణి పంపించనా?" అంది అక్క, స్టాప్లర్ చేతిలోకి తీసుకుంటూ.

తీసుకుపోయాను. దారిలో బందో బుగ్గ గోక్కుంటూ, "ఆవిడ అమాయకురాలు. దుఃఖం నిజమైనదే. స్టాప్లర్ కూడా నిజమైనదే," అన్నాడు.

నిజం చెప్పొద్దూ, అప్పటికి నాకు భయం తగ్గి సరదాగా అనిపించడం మొదలైంది. ఫోనులో వచ్చిన నంబరు ఫోనులోనే ఉంటుందన్న సంగతి కురోయివాకు తట్టలేదు. బందోకి తట్టే ప్రమాదమే లేదు. నాకు తట్టింది. నేనెందుకు చెప్తాను?

సాయంత్రం కావస్తుంటే బందో అందరినీ మేనేజరు గదిలో సమావేశపరిచాడు. కథల్లో చివరి ఘట్టం అలాగే జరుగుతుందట. ఎవరినీ పట్టుకోకుండా చివరి ఘట్టం ఎలా వచ్చిందని అడిగితే, "వాతావరణం కుదిరితే నేరస్థుడు తనంతట తానే వణుకుతాడు," అన్నాడు. బయట వాన కురుస్తోంది. యొనెకురా అక్క ఆవులించింది.

"మిత్రులారా! నేర దృశ్యాన్ని ఇప్పుడు మళ్లీ నడిపిస్తాం. మేనేజర్ గారూ, ఫోనొచ్చినప్పుడు మీరెక్కడున్నారు?"

"నా కుర్చీలో."

"అయితే కూర్చోండి. ఫోన్ చేసిన ఆడమనిషిని నేను. ఆవిడ కూర్చునే మాట్లాడి ఉంటుంది. అంటే ఇలా..."

అంటూ సుతారంగా వెనక్కి జరిగి, బల్ల అంచున కూర్చున్నాడు. కూర్చున్నది బల్ల మీద కాదు, ఫోను మీద.

పిప్‌మని ఏదో నొక్కుకుంది. ఆ వెంటనే స్పీకరులోంచి అవతల ఫోను మోగుతున్న చప్పుడు గదంతా నిండింది.

"ఎక్కడో ఫోను మోగుతోంది," అన్నాడు బందో, చుట్టూ చూస్తూ.

"నీ కింద!" అన్నాడు కురోయివా.

అవతల ఎవరో తీశారు. క్యోటోవాళ్ల నిదానమైన, తేనె పూసిన గొంతు.

"నమస్కారమండీ, నా పేరు కుజె, ఈ సంస్థ నాదే. ఓహో, మీ నంబరేనా! పొద్దున ఎవరో ఎంత ఆరోగ్యకరమైన గొంతుతో మాట్లాడారండీ, ఇప్పటికీ నా చెవిలో మోగుతోంది. చిహరు గారి గొడుగు మా దగ్గర భద్రంగా ఉందని చెప్తారా?"

అందరి తలలూ నా వైపు తిరిగాయి. నేను పారిపోదామని చూశాను. తలుపుకు అడ్డంగా సకాతా ఉన్నాడు, నోరు తెరుచుకుని.

బందో లేచి నిలబడ్డాడు. అతని కళ్లు మెరుస్తున్నాయి.

"విన్నారా! ఈ ఆఫీసులో ఇంకో చిహరు ఎక్కడో దాక్కుని ఉంది!"

కురోయివా ఫోను మీదికి వంగాడు. ఆయన పెదాల మీద నేనెన్నడూ చూడని చిరునవ్వు వచ్చింది. సకాతా విషయంలో కూడా అదే చిరునవ్వుతో ఫోన్ చేసి ఉంటాడు.

"అమ్మా, నేను ఆమె మేనేజర్ని. మీరు మంచివారిలా ఉన్నారు, అందుకని ఒక మాట చెప్తాను. ఈ పిల్లతో చాలా కష్టమండీ. పని భలే నిదానం! ఒక్క చేప ముక్కకు రోజంతా తింటుంది."

"అలాగా," అంది కుజె గారి గొంతు. "ఎందుకంత ఆలస్యమండీ?"

"ఎందుకేమిటి, నరం నరం వేరే రంగు అంటుంది! అసలు చేప తెచ్చి పక్కన పెట్టుకుని పోల్చుకుంటుంది. నేను బాగుందని పంపించేసిన సరుకును కూడా, తప్పుందని పెట్టెలోంచి తీసేస్తుంది!"

"మీరు ఒప్పుకున్నాక కూడానా?"

"నేను కాదు, నన్ను పుట్టించినవాడు చెప్పినా వినదు! ఇంకొంచెం ఎర్రగా వెయ్యమ్మా అంటే, 'ఇది ఇంత ఎర్రగా ఉండదు సార్' అని నా ముఖం మీదే అంటుంది. మొండిఘటం! ఎంత నష్టమో తెలుసా మాకు?"

ఫోనులోంచి కాగితం మీద కలం గీసుకుంటున్న చప్పుడు వచ్చింది.

"ఏమీ అనుకోకండి, రాసుకుంటున్నాను," అంది ఆవిడ. "మా దగ్గర కాలేయం మీద ఒక్క నాళం తప్పుపోయినా, రేపు దాన్ని చూసి నేర్చుకునే పిల్ల డాక్టరు తప్పే నేర్చుకుంటాడండీ. ఇద్దరిలో ఎవర్ని తీసుకోవాలా అని పొద్దుట్నుంచీ తేల్చుకోలేకపోతున్నాను. మీరు నా బరువు దించేశారు. ఇంత కోపంగా పొగిడే మేనేజర్ని నేనెక్కడా చూడలేదు. చిహరు గారిని వచ్చే నెల నుంచి రమ్మని చెప్తారా?"

యొనెకురా అక్క చప్పట్లు కొట్టింది. సకాతా కొట్టాడు. ఏం జరిగిందో తెలియకపోయినా, తనకే అనుకుని బందో వంగి నమస్కారం పెట్టాడు.

ఫోను పెట్టేశాక కురోయివా అందరినీ పంపేసి నన్ను ఉండమన్నాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"ఎందుకెళ్తున్నావు?" అన్నాడు, బల్ల మీది కాగితాలు అటూ ఇటూ జరుపుతూ.

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా నా పని బాగుందన్నారా సార్?"

"బాగుంటే అనడమెందుకు? బాగాలేకపోతే అంటాను కదా."

"అందుకే సార్."

ఆయన కాగితాలన్నీ ఒక దొంతరగా పెట్టాడు. "సరే. వెళ్లేలోపు నీ పని ఎవరికైనా నేర్పి వెళ్లు," అన్నాడు చివరికి.

బయట బందో గోడకు ఆనుకుని ఉన్నాడు. అప్పటికి విషయం బుర్రకెక్కినట్టుంది, ముఖం ముడుచుకుపోయి ఉంది.

"నువ్వేనా?" అన్నాడు. "పొద్దుట్నుంచీ నా పక్కనే ఉన్నావు కదే! నాకొక్క మాట చెప్పలేదేం?"

"నువ్వడగలేదు. అందర్నీ అడిగావు, నన్ను తప్ప."

"నిన్నెలా అనుమానిస్తాను? నువ్వు నా మనిషివి."

నేనతన్ని బయటికి తీసుకెళ్లాను. స్టేషన్ పక్క సందులో ఆక్టోపస్ బోండాలు కొనిపెట్టాను. అతను ఊదుకోకుండా నోట్లో వేసుకుని, నాలుక కాల్చుకుని, కళ్లనీళ్లతో, "ఇవి బోండా వల్ల వచ్చినవి, తెలుసుకో," అన్నాడు. బోండాల పళ్లెం ఖాళీ అయ్యేసరికి, కేసు తాను ఛేదించినందుకు బహుమానంగా నా బల్ల అడుగుతానని ప్రకటించాడు.

అడిగాడు కూడా. కేసు అప్పగించింది తానే కాబట్టి కాదనలేక కురోయివా ఇచ్చేశాడు.

ఆ నెలంతా బందోకి రంగులు నేర్పాను. మొదట వంకాయను నీలంగా వేశాడు. పాముచేపల హోటలు యజమాని ఆర్డరు త్వరగా కావాలంటే, "ఎందుకంత తొందర? ఎవరి నుంచి పారిపోతున్నారు?" అని ఆయన్ని కూర్చోబెట్టి ప్రశ్నించాడు. ఆ తర్వాత మేనేజరు గది తలుపు మీద వేలిముద్రల కోసం నల్లపొడి చల్లాడు. దొరికినవన్నీ మేనేజరువే.

నా ఆఖరి రోజున కురోయివా నెమ్మదిగా నా బల్ల దగ్గరికొచ్చాడు. చేతులకు ఇంకా నల్లపొడి ఉంది. బందో అటు తిరిగి రామెన్ గిన్నెను భూతద్దంలో చూస్తున్నాడు.

"చిహరూ," అన్నాడు మేనేజరు, పక్కవాళ్లకు వినపడని గొంతుతో. ఆయనకు అలాంటి గొంతొకటి ఉందని నాకు అప్పుడే తెలిసింది. "ఆ క్యోటో ఆవిడని అడుగు. ఇతన్ని కూడా తీసుకుంటుందేమో. కావాలంటే నేనే ఫోన్ చేసి పొగుడుతాను."

"వద్దు సార్," అన్నాను. "మీరు పొగిడితే తీసుకోరు."