దింపుడు కళ్ళంలో సంతకం

మనిషి చచ్చిపోవడం అతని సొంత విషయమే కాని, చచ్చిపోయాడని ఒప్పుకోవడం మాత్రం ఆఫీసు పని. ఈ సత్యాన్ని చాటడానికే 1955లో చోడవరంలో అంత్యక్రియల పర్యవేక్షణ సంఘం వెలిసింది.

దారిలో పాడె దించి, పోయినవాళ్ళ చెవిలో కొడుకు మూడుసార్లు పేరు పెట్టి పిలవడం తాతలనాటి ఆచారం. దానికి సంఘంవారు పద్నాలుగో నిబంధన తగిలించారు. ‘పిలిచితిని, పలకలేదు’ అని కొడుకు సంతకం చేస్తేనే చితి అంటించాలి. నా అన్నవాళ్ళు లేకపోతే సంఘం గుమాస్తాయే కొడుకు. పలికితే శవాన్ని కొడుకింటికి చేర్చాలి. (పలికినదాన్ని శవం అనవచ్చునా అన్నది పరిశీలనలో ఉంది.)

ఒంటరి ముసలిది సన్యాసమ్మ గుడిసెలో పోయిన సంగతి మూడోనాటికి గాని ఊరికి తెలియలేదు. అదీ ముక్కు చెబితేనే. వైశాఖం ఎండలు. కాటికాపరి పరదేశి చెయ్యి పట్టి ఎత్తబోతే, ఉడికిన చేమదుంప తొక్కలా తోలు ఊడివచ్చింది. కడుపు ఉబ్బిపోయింది. ముక్కుల్లో దూది కుక్కి, కింద వేపాకు పరిచి, “కూసింత ఓర్సుకో పెద్దమ్మా, అయిపోనాది,” అంటూ పాడెకెత్తించాడు. ఇంకో పూట ఆగితే ముక్కలుగా ఎత్తాలని అతనికి తెలుసు. ఆ గతి ఆవిడకి పట్టకూడదని అతని ఆరాటం.

దింపుడు కళ్ళం దగ్గర గుమాస్తా గణపతిరావుగారు సెంటు రుమాలు ముక్కుకి అదిమి, నలభై గజాల అవతల, గాలి వచ్చేవైపు చూసుకుని నిలబడి, “సన్యాసమ్మా!” అని మూడు కేకలు పెట్టారు.

“సంతకం ఎట్టీండి బాబూ.”

“ఎలా పెడతానోయ్? పలికిందో లేదో ఇంత దూరం వినబడదే! అనకాపల్లి పెద్దాఫీసుకి రాసి అడగాలి. ఎనిమిది రోజుల్లో జవాబొస్తుంది.”

“ఎనిమిది రోజులా! అప్పటికి సేటతో ఎత్తాల! దగ్గరికొచ్చి ఇనండి బాబూ!”

“దగ్గరికి రావాలని నిబంధనలో లేదు.”

పరదేశికి ఒళ్ళు మండిపోయింది. ఆ కోపంలో పాడె తాడు బిగించి లాగాడు. కడుపు నొక్కుకుని, లోపలి గాలి గొంతులోంచి తన్నుకొచ్చింది. సన్యాసమ్మ ‘హూ...మ్’ అని దీర్ఘంగా మూలిగింది. (ఈ పనిలో ఇది మామూలే. పరదేశి రెప్ప కూడా వెయ్యలేదు.)

నలభై గజాల అవతలికి చక్కగా వినబడింది.

“ఒరే, ప... పలికిందిరా!”

“పలికింది బాబూ.” పరదేశి వంగి, ఆవిడ నోటి దగ్గర చెవి పెట్టి, బుద్ధిగా తలూపాడు. “కొడుకు పిలిసేడు గనక మీ యింటికి తోలుకెళ్ళమంటంది. అదొద్దంటే, పలకలేదని రాసీమంటంది.”

గణపతిరావుగారు ‘పలకలేదు’ అని రాసి, సంతకం పెట్టి, అడగకుండానే ముద్ర కూడా వేశారు. చితి అంటుకుంది.

ఇంటిజాగా పట్టా కోసం పదకొండేళ్ళు ఆఫీసు గుమ్మాల్లో నిలబడ్డ సన్యాసమ్మ మాట మీద ఒక గుమాస్తా సంతకం పెట్టడం అదే మొదటిసారి.